మేడం టిక్కు

ఆదివారం పొద్దున్న ఒక్కసారే మేడం ఇంటి గేటు పరాయిచేయి పడి కిర్రుమంటుంది. మిగతా వారమంతా దానికి పెద్దగా పనిలేదు. పేపరు గోడ మీదుగా వచ్చి పడుతుంది. పాలప్యాకెట్టు కిటికీ ఊచకి వేలాడే సంచిలోకి చేరుతుంది. మేడం తను వెళ్లడానికీ రావడానికీ తీసేది ఎలాగూ లెక్కలోకి రాదు. ఆ గేటు తీసుకుని, ఈ ఇంట్లో మనిషికోసమని వచ్చేది ఒక్క కాలరమ్మే.

కాలరమ్మ అసలు పేరు కాదు. కుట్టు శిక్షణ కేంద్రంలో నేర్చుకునే రోజుల్లో అందరి కాలరు కొసలూ తడిసిన అట్టల్లా వాలిపోతుంటే ఈ పిల్లవి మాత్రం సూటిగా నిలబడేవి. మేడం ఒకరోజు ముద్దుగా అన్న మాట అలా అంటుకుపోయింది. కోర్సు ముగిసి రెండేళ్లు దాటింది. ఇంట్లోనే మిషను పెట్టుకుని నలుగురికీ కుడుతోంది. అయినా ప్రతి ఆదివారం సుద్దతో గీతలన్నీ గీసుకున్న గుడ్డ ఒకటి మడిచి చంకన పెట్టుకుని వస్తుంది. మేడం చూసి టిక్కు పెట్టాలి. అప్పుడే కత్తెర.

ఆ టిక్కుకి ఒక కథ లేదు గానీ ఒక కట్టడి ఉంది. కేంద్రంలో నేర్చుకునేవాళ్లందరికీ తెల్లసుద్ద ఇస్తారు. నీలిసుద్ద మేడం దగ్గర తప్ప ఇంకెవరి దగ్గరా ఉండదు. ఎవరు ఏ గుడ్డ మీద గీతలు గీసినా మేడం బల్ల దగ్గరికి తెచ్చి పరవాలి. మేడం టేపు పెట్టి కొలిచి, అంతా సరిగ్గా ఉంటే మూలన నీలిసుద్దతో చిన్న టిక్కు పెడుతుంది. టిక్కు లేని గుడ్డ మీద కత్తెర పెడితే ఆ రోజుకి ఇక మిషను ముట్టుకోనివ్వరు. మేడం రాకముందు నుంచీ ఉన్న పద్ధతి. మేడం వచ్చాక మరింత బిగిసింది.

ఆ ఆదివారం కాలరమ్మ తెచ్చింది సన్నగీతల చొక్కాగుడ్డ. మేడం గాజు గ్లాసులు పక్కకి జరిపి బల్ల తుడిచింది. కళ్లజోడు పెట్టుకుంది. మెడ వెడల్పు చూసింది, భుజం వాలు చూసింది, చంక గుండ్రం మీద వేలితో నెమ్మదిగా నడిచింది. కుట్టుకి వదలాల్సిన అంగుళం అన్నివైపులా ఉంది. గీతలు ముందుభాగం రెండు ముక్కల మీదా ఒకదానికొకటి అతికేలా కుదిరాయి. ఎక్కడా వంక పెట్టడానికి లేదు. అసలు ఈ రెండేళ్లలో వంక దొరికిన ఆదివారం ఒక్కటీ లేదు. అయినా మేడం తొందరపడదు. టిక్కు పడిపోతే టీ తాగడం, టీ తాగితే లేచి వెళ్లడం. అందుకని చంకని ఇంకోసారి కొలుస్తుంది.

"బావుందే," అంటూ చివరికి నీలిసుద్ద తీసింది.

టీ తాగుతూ కాలరమ్మ ఊళ్లో కబుర్లన్నీ చెప్పింది. ఎదురింటివాళ్ల పిల్లికి మళ్లీ పిల్లలట. మిషను పెడలు కీచుమంటే నూనె వేయబోయి తన గౌను మీదే పోసుకుందట. ఆ వరసలోనే అంది, "మార్కెట్టు వీధి మలుపులో పెద్ద కొట్టుంది చూడండి, అక్కడ కటింగు మాస్టరు మానేశాడు మేడం. నన్ను రమ్మని రెండుసార్లు కబురు పెట్టారు. ఆదివారం కూడా తెరిచే ఉంచుతారట, అంత పని."

"మరి ఎప్పుడు చేరుతున్నావు?"

"రానన్నాను."

"ఎందుకే? కటింగు మాస్టరంటే మాటలా? ఊరికే వచ్చే అవకాశమా అది?"

కాలరమ్మ గ్లాసు అంచు మీద వేలు తిప్పింది. "అక్కడ మీరుండరు కదా మేడం," అని నవ్వేసింది.

మేడం కూడా నవ్వింది. ఆ మాట చెవిన పడగానే లోపల ఎక్కడో తియ్యగా అయింది కూడాను. అది దాచాల్సిన పనేం లేదు. కానీ గ్లాసులు కడుగుతుంటే ఆ తీపే అనుమానంగా మారింది. ఇంత చేయి తిరిగిన పిల్ల, ఊళ్లో పెద్ద కొట్టు పిలిచి పీట వేస్తానంటే, ఒక సుద్దముక్క గీత కోసం వద్దనుకుందా? తను నేర్పింది కుట్టా, భయమా? ఇన్నేళ్లలో తన చేతికింద నేర్చుకుని వెళ్లినవాళ్లలో ఎంతమంది ఇలా ఎవరో ఒకరు టిక్కు పెడతారని కత్తెర పట్టుకుని నిలబడిపోయి ఉంటారు?

చేతులు తుడుచుకుంటూ గేటుదాకా వచ్చింది. "ఇదిగో, ఇదే ఆఖరు టిక్కు. వచ్చే ఆదివారం నుంచి గుడ్డ తేవద్దు."

"తేవద్దా?"

"తేవద్దు. నువ్వే గీసుకో, నువ్వే కోసుకో. వెళ్లి ఆ కొట్టులో చేరు."

కాలరమ్మ మేడం మొహంలోకి కాసేపు చూసింది. "సరే మేడం," అంది. గేటు మెల్లగా వేసి వెళ్లింది. ఎప్పుడూ ధడాలున వేసే మనిషి.

మర్నాడు కేంద్రంలో అందరూ మిషన్ల మీది కవర్లు తీసి మడతలు పెడుతుండగా మేడం నీలిసుద్దని అందరికీ కనపడేలా పైకెత్తింది. బల్లసొరుగులో వేసి తాళం వేసింది.

"ఇక టిక్కు లేదు," అంది. "గుడ్డ మీది, గీతలు మీవి, కత్తెర మీది. అనుమానం వస్తే ముందు మీలో మీరు మాట్లాడుకోండి. మళ్లీ కొలవండి. నన్ను అడగొద్దు. అడిగినా చెప్పను."

కిటికీ పక్కన రెండో మిషను దగ్గరున్న లావుపాటావిడ, నోరు ఊరుకోని మనిషి, "మేడం, అయితే జీతం మాకిచ్చేస్తారా?" అంది. అందరూ నవ్వారు. మేడం కూడా నవ్వి, నవ్వు అయిపోయాక చూస్తే, ఒక్క మనిషి మాత్రం నవ్వలేదు.

ఏడో మిషను. ఇక్కడ అందరినీ మిషను నంబరుతో పిలవడం అలవాటు. ఏడో మిషను ముప్ఫై దాటిన ఇల్లాలు, మాట తక్కువ, కుట్టు శుభ్రం. ఇంతవరకూ కాగితాల మీదా పాత దుప్పట్ల మీదా చేయి సాగింది. ఈ వారం నుంచి ఎవరి ఇంటి గుడ్డ వాళ్లు తెచ్చుకుని మొదటి చొక్కా కుట్టాలి. ఆమె ఒళ్లో పెట్టుకున్న గుడ్డ మంచివైపు ముదురు ఆకుపచ్చ, వెనకవైపు బూడిద కలిసిన లేతరంగు. అందులో మెత్తదనం దూరం నుంచే తెలుస్తోంది.

మధ్యాహ్నం తిండి గంటలో ఆమె మేడం దగ్గరికొచ్చి నిలబడింది.

"మేడం, ఇది మా ఆయన తనకోసం కొనుక్కున్న గుడ్డ. మంచి దర్జీకి ఇవ్వమని మా అత్తగారు. ఈమె కుడుతుందిలే అని ఆయన. ఇది పాడైందంటే ఆవిడ నన్ను ఇక ఇల్లు కదలనివ్వరు. ఈ ఒక్కదానికీ టిక్కు పెట్టరా?"

మేడం చేయి సొరుగు దాకా వెళ్లింది. కాలరమ్మ గుర్తొచ్చింది. చేయి వెనక్కి తీసుకుంది.

"నీకు వచ్చు. నువ్వే చేయగలవు," అంది.

ఆమె తల ఊపి వెళ్లింది. ఆ తల ఊపడంలో ఒప్పుకోలు లేదు. మేడం అది గమనించింది. గమనించి కూడా, దగ్గరుంటే తన నోరు ఊరుకోదని తనకే అనుమానం వచ్చి, హాలుకి ఆనుకుని ఉన్న చిన్నగదిలోకి వెళ్లి కూర్చుంది. దారాల పెట్టెలూ విరిగిన బాబిన్లూ పెట్టుకునే గది. తలుపు మాత్రం తీసి ఉంచింది.

కోత బల్ల ఆ తలుపుకి సరిగ్గా ఎదురు. మేడం దారాల ఉండలు రంగులవారీ సర్దుతున్నట్టు చేతులు ఆడిస్తూ కళ్లలో వత్తులు వేసుకుని చూస్తోంది. ఏడో మిషను వీపుముక్క కోసింది. బాగా వచ్చింది. ముందుభాగాలు రెండూ కోసింది. అవీ బాగానే వచ్చాయి. మేడం ఊపిరి వదిలింది. ఇప్పుడు చేతులు.

చొక్కా చేతుల దగ్గర ఒక కిటుకుంది. చంకలో కూర్చునే గుండ్రం ముందువైపు లోతుగా, వెనకవైపు తక్కువగా ఉంటుంది. గుడ్డ మడత పెట్టి రెండు పొరలూ కలిపి కోస్తే ఒకటి కుడిచేతికి, ఒకటి ఎడమచేతికి వాటంతటవే వస్తాయి. కానీ ఏడో మిషను గుడ్డ కురచ. మడత పెట్టడానికి చాల్లేదు. అందుకని ఆమె ఒక చేయి విడిగా కోసుకుంది. కోసిన ముక్కని మిగిలిన గుడ్డ మీద పరిచింది, మంచివైపు పైకి ఉంచి. కింది గుడ్డకీ మంచివైపే పైకి ఉంది. ముక్కని తిరగేయలేదు.

మేడం చేతిలో దారపు ఉండ ఆగిపోయింది.

తిరగేయమ్మా, అని లోపల అరిచింది. బయటికి ఒక్క మాట రాలేదు. రానివ్వలేదు. ఏడో మిషను తెల్లసుద్దతో చుట్టూ గీత గీసింది. కొలిచింది. మళ్లీ కొలిచింది, పాపం, మేడం చెప్పినట్టే. కొలతలన్నీ సరిగ్గానే ఉంటాయి మరి, కొలతలో లేదు తప్పు. తలెత్తి చిన్నగది వైపు చూసింది. మేడం చప్పున తల దించుకుని ఎర్రదారం కొస వెతకసాగింది. కత్తెర గుడ్డని నమిలే చప్పుడు మెత్తగా, సాఫీగా, మొదటినుంచి చివరిదాకా వినిపించింది.

రెండో చేయి చొక్కాకి గుండుసూదులతో బిగించేటప్పుడు బయటపడింది. ఎటు తిప్పినా లోతు వెనక్కి వస్తోంది. రెండో మిషను లావుపాటావిడ వచ్చి చూసి, "అయ్యో, రెండూ ఎడమచేతులే కదే!" అంది. ఈసారి నవ్వు రాలేదు ఎవరికీ. మంచివైపుకీ వెనకవైపుకీ అంత తేడా ఉన్న గుడ్డ. తిరగేసి కుడితే ఒక చేయి ఆకుపచ్చ, ఒక చేయి బూడిద. మళ్లీ కోద్దామంటే చేయి వచ్చేంత గుడ్డ మిగల్లేదు.

ఏడో మిషను రెండు ముక్కలూ పట్టుకుని చిన్నగది గుమ్మంలోకి వచ్చింది.

"మీరు చూస్తూనే ఉన్నారు కదా మేడం?"

అబద్ధం చెప్పొచ్చు. దారాలు సర్దుతున్నానని చెప్పొచ్చు. "చూశాను," అంది మేడం.

"కోయకముందే?"

"కోయకముందే."

ఆమె ముక్కలన్నీ ఒకదానిమీద ఒకటి పేర్చి, మిషను మీద పెట్టి, కవరు కప్పి, సంచి తీసుకుని వెళ్లిపోయింది. గుడ్డ ఇంటికి తీసుకెళ్లే ధైర్యం లేకపోయింది కాబోలు.

మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. కేంద్రం సూపరింటెండెంటు, చొక్కా మీద ఈగ వాలనివ్వని మనిషి, వచ్చి హాలు మధ్యలో నిలబడ్డాడు.

"ఏంటి మేడం, టిక్కు తీసేశారట?"

"తీసేశానండీ."

"చక్కగా నడుస్తున్నదాన్ని కెలకడం ఎందుకు? నేర్పడం మన పని. వాళ్లంతట వాళ్లే నేర్చుకునేటట్టయితే ఇంట్లో కూర్చుని నేర్చుకోరూ? వచ్చే సోమవారానికి ఆవిడ రాకపోతే పేరు కొట్టేసి, ఆ మిషను బయట ఎదురుచూసేవాళ్లకి ఇచ్చేయాలి. చెప్తున్నాను."

చెప్పడానికి మేడం దగ్గర ఉన్నది ఒక్క కాలరమ్మ సంగతే. అది చెప్తే ఆయన అర్థం చేసుకుంటాడన్న ఆశ లేదు. వింతేమిటంటే ఏడో మిషను తప్ప మిగతావాళ్ల పని నడుస్తూనే ఉంది. రెండో మిషనావిడ అందరి గుడ్డలూ తిరగేసి చూస్తోంది. ఎవరో జేబు వంకరగా గీస్తే పక్కామె పట్టుకుంది. కోత బల్ల చుట్టూ తలలు చేరి వాదించుకుంటున్నాయి, ఒకళ్ల టేపు ఒకళ్లు లాక్కుంటున్నారు, నవ్వుకుంటున్నారు. ఇన్నేళ్లలో ఈ హాల్లో ఇంత సందడి మేడం ఎరగదు. తన బల్ల ముందు మాత్రం ఎవరూ లేరు. పొద్దస్తమానం వరసకట్టి నిలబడే చోట నేల కనపడుతోంది. అనుకున్నది అనుకున్నట్టే జరుగుతోంది కదా, సంతోషించాలి కదా అని తనకి తనే చెప్పుకుంది. సంతోషం రాలేదు. హాలు నిండా మనుషులుండగా ఒంటరిగా ఉండటం ఇంట్లో ఒంటరిగా ఉండటం కన్నా బరువుగా అనిపించింది.

గురువారం సాయంత్రం ఏడో మిషను ఇంటికి ఫోను చేసింది. అత్తగారు ఎత్తింది.

"ఉందండీ, వంటింట్లో ఉంది. ఇక రాదులెండి. మీరేం మనసులో పెట్టుకోకండి, మీ తప్పేముంది? నేర్పేవాళ్లు నేర్పుతారు, చేతకావాలి కదా. అంత మంచి గుడ్డ!"

"ఒకసారి ఆమెకి ఇస్తారా?"

"పనిలో ఉందండీ," అని ఫోను పెట్టేసింది.

మీ తప్పేముంది అన్న మాట మేడాన్ని ఆ రాత్రి అన్నం తిననివ్వలేదు.

ఆదివారం వచ్చింది. మేడం అలవాటు ప్రకారం రెండు గ్లాసుల నీళ్లు పొయ్యి మీద పెట్టింది. కాగాక గుర్తొచ్చింది. గుడ్డ తేవద్దంటే రావద్దని అన్నట్టు కాదు కదా, ఊరికే రావచ్చు కదా అనుకుంది. గేటు వైపు చెవి వేసి కూర్చుంది. పక్కింటి గేటు రెండుసార్లు తీశారు. వీధిలో ఎవరో ఎవరినో బాబాయ్ అని గట్టిగా పిలిచి, ఏదో చెప్పుకుంటూ వెళ్లారు. నీళ్లు చల్లారిపోయాయి.

ఇంట్లో ఉండబట్టలేదు. బీరువా తీస్తే ఎప్పుడో తనకోసం కొనుక్కుని పక్కన పడేసిన గుడ్డ దొరికింది, మబ్బురంగుది. బల్ల మీద పరిచి ఒక చొక్కాకి గీతలన్నీ గీసింది. చేయి తడుముకోలేదు. ఇన్నేళ్లుగా చేస్తున్న పని, కళ్లు మూసుకుని కోసేయగలదు. కత్తెర తీసి, మళ్లీ కింద పెట్టింది. గుడ్డ మడిచి సంచిలో పెట్టుకుని, జోళ్లు వేసుకుని బయల్దేరింది. ఎవరైనా ఎక్కడికండీ అని అడిగితే కాలరమ్మకి చూపించి అభిప్రాయం అడగడానికి అని చెప్పాలి. అడిగేవాళ్లెవరూ దారిలో కనపడలేదు.

కాలరమ్మ ఇంటికి తాళం వేసి ఉంది. పక్కింటామె గుమ్మంలో పప్పు చెరుగుతూ, "కొట్టుకి వెళ్లిందండీ, చేరి వారం కూడా కాలేదు. మార్కెట్టు వీధి మలుపులో," అంది.

కొట్టు ముందు అద్దాల తలుపు దగ్గర మేడం ఆగిపోయింది. లోపల జనం. కొలతలిచ్చేవాళ్లు, ట్రయలు చూసుకునేవాళ్లు, తొందరపెట్టేవాళ్లు. వెనకగా పొడవాటి బల్ల దగ్గర కాలరమ్మ నిలబడి ఉంది. మెళ్లో టేపు, చెవి పక్కన సుద్ద. నాలుగు పొరల గుడ్డ పేర్చుకుని పెద్ద కత్తెరతో కోస్తోంది. ఎవరో వచ్చి ఏదో అడిగితే తల తిప్పి జవాబు చెప్పింది, కత్తెర ఆగలేదు. చంక వంపు దగ్గర బల్లచుట్టూ తను తిరగలేదు, మణికట్టు తిప్పి గుడ్డనే తన దగ్గరికి తెచ్చుకుంది. మేడం కళ్లు ఆ మణికట్టు మీదే ఉండిపోయాయి. అది వారంలో వచ్చే ఒడుపు కాదు. నెలల తరబడి, ఎవరినీ అడక్కుండా, ఎన్నెన్నో గుడ్డలు కోస్తే గానీ రాదు.

కాలరమ్మ తలెత్తి చూసింది. కత్తెర కింద పెట్టి జనాన్ని తప్పించుకుంటూ వచ్చింది.

"మేడం! మీరేంటి ఇంత ఎండలో? రండి, కూర్చోండి."

వెనకవైపు గుడ్డల తానుల మధ్య ఒక స్టూలు వేసింది. మేడం కూర్చోలేదు. సంచిలోంచి గుడ్డ తీసి బల్ల కొసన పరిచింది.

"ఒకసారి చూడు."

కాలరమ్మ గుడ్డ వంక చూసింది, మేడం వంక చూసింది. వంగి గీతలన్నీ చూసింది. చంక మీద వేలితో నెమ్మదిగా నడిచింది, మేడం నడిచినట్టే. ఎక్కువసేపే చూసింది.

"ఇందులో తప్పేముంది మేడం?"

"ఏమో. నలుగురి కళ్లు పడితే మంచిదని."

కాలరమ్మ ఇంకా వంగే ఉంది. మొహం కనపడలేదు. "నాకు అంతా తెలుసు మేడం," అంది మెల్లగా. "తప్పు ఉండదని తెలుసు. నేను తెచ్చినవాటిలో మాత్రం ఎప్పుడైనా ఉందా?"

"లేదు."

"టిక్కు పడేదాకా కోయకుండా ఆగేదాన్ననుకున్నారా? మిగతా ఆరు రోజులూ నేను కోసినవి ఎవరు చూశారు? నలుగురికీ కుడతాను కదా మేడం."

మేడం ఆ లెక్క ఎప్పుడూ వేయలేదు. రెండేళ్లుగా వారానికి ఒకే ఒక్క గుడ్డ. కళ్ల ముందే ఉన్న సంగతి.

"మరి ఎందుకు తెచ్చేదానివి?"

కాలరమ్మ ఇప్పుడు నిటారుగా నిలబడింది. సిగ్గుపడుతోంది. "ఊరికే వస్తే మీరు రానిస్తారో రానివ్వరో అని. ఒకసారి పండ్లు పట్టుకుని ఊరికే వచ్చాను, గుర్తుందా? పనేమిటని అడిగారు. ఏమీ లేదంటే గుమ్మంలోనే పంపించేశారు. గుడ్డ తెస్తే కూర్చోబెట్టేవారు. మీరొక్కరే ఉంటారు కదా అని..." బల్ల మీది సుద్దపొడి చేత్తో దులిపింది. "ఈ కొట్టుకి ఆదివారం సెలవు లేదు. మంగళవారం సెలవు. మంగళవారం మీకు క్లాసు. అందుకని రానన్నాను అప్పుడు. తేవద్దన్నారు. ఇక నేను రావడం ఇష్టం లేదేమో అనుకుని చేరిపోయాను."

ముందునుంచి ఎవరో, "మాస్టరమ్మా, మా కోటు ఎక్కడిదాకా వచ్చింది?" అని కేకేశారు. "వస్తున్నానండీ," అంది కాలరమ్మ, కదల్లేదు.

ఆ పిల్లకి ధైర్యం లేదని, తన మీద ఆధారపడి పాడైపోతోందని, తను దయతలచి వదిలేశానని మేడం వారమంతా అనుకుంది. ఆ సుద్దగీత మీద ఆధారపడ్డ మనిషి ఇదిగో, సంచి పట్టుకుని కొట్టు దాకా నడిచొచ్చింది.

"గుడ్డ ఇక్కడే కోస్తాను," అంది చివరికి. "ఆ కత్తెర ఇలా ఇవ్వు. టిక్కు ఏమీ వద్దు. కాసేపు పక్కన నిలబడు, అంతే."

కాలరమ్మ నిలబడింది. ఒక్క మాట చెప్పలేదు, ఒక్క గీత సరిచేయలేదు. ముందు కోటు మనిషి ఇంకో రెండు కేకలేశాడు. మేడం మెడ దగ్గర మొదలుపెట్టి భుజం మీదుగా చంకలోకి దిగింది. కత్తెర చప్పుడు, పక్కన ఇంకొకరి ఊపిరి. అంత పెద్ద వయసులో, అంత బాగా వచ్చిన పనిలో, పక్కన ఒకరుంటే ఇంత హాయిగా ఉంటుందా అని ఆశ్చర్యపోయింది. అప్పుడు ఏడో మిషను గుర్తొచ్చింది. కోయకముందు తలెత్తి చిన్నగది వైపు చూసిన చూపు. ఆమె చూసింది జవాబు కోసమే అనుకుంది తను. మనిషి ఉందో లేదో చూసుకుందేమో. తను సుద్ద మీంచి చెయ్యి ఒక్కటే వెనక్కి తీసుకోవాల్సింది. మనిషే లేచి చిన్నగదిలోకి వెళ్లిపోయింది.

"మంగళవారం మీ క్లాసు సాయంత్రానికి అయిపోతుంది కదా మేడం?" అంది కాలరమ్మ తలుపు దాకా వచ్చి.

"అవుతుంది. ఊరికే రా," అంది మేడం.

సోమవారం పొద్దున్నే ఫోను చేసింది. ఈసారి ఏడో మిషనే ఎత్తింది. అవతల గిన్నెల చప్పుడు.

"నేనే. ఇవాళ రాకపోతే నీ మిషను వేరేవాళ్లకి ఇచ్చేస్తారు. రా."

"వచ్చి ఏం చేయను మేడం? రెండూ ఎడమచేతులే."

"నాకూ తెలీదు ఏం చేస్తావో. ఆ రోజు నేను చూసి, చెప్పకపోయినందుకు కాదు గానీ, నిన్ను ఒంటరిగా వదిలి తలదించుకు కూర్చున్నందుకు తప్పు నాది. ఇవాళ కూడా ఏమీ చెప్పను. కానీ నీ పక్కనే ఉంటాను. మీ అత్తగారికి ఇస్తావా, నేను మాట్లాడతాను."

"వద్దులెండి," అంది ఏడో మిషను. "ఆవిడతో నేనే చెప్పుకుంటాను."

మొదటి గంట అయిపోయింది. సూపరింటెండెంటు ఒకసారి తొంగిచూసి, కవరు కప్పి ఉన్న ఏడో మిషను వంక చూసి, గడియారం వంక చూసి వెళ్లాడు. మేడం చిన్నగది తలుపు బయటనుంచి గడియ వేసేసింది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వెనక్కి కట్టుకుని కోత బల్ల దగ్గర నిలబడింది.

ఆమె వచ్చింది. ఎవరి మొహమూ చూడకుండా కవరు తీసి, ముక్కలన్నీ బల్ల మీద పరిచింది. రెండు ఎడమచేతులు పక్కపక్కన. వాటినే చూస్తూ చాలాసేపు నిలబడింది. రెండో మిషనావిడ ఏదో చెప్పబోతే మేడం కళ్లతోనే ఆపింది. ఏడో మిషను తలెత్తి పక్కకి చూసింది. మేడం అక్కడే ఉంది. మళ్లీ తల దించుకుంది.

ఒక చేయిని తిరగేసింది. బూడిదరంగు పైకి వచ్చింది. చొక్కాకి ఆనించి చూసింది. ఒకవైపు ఆకుపచ్చ, ఒకవైపు బూడిద, పగటివేషంలా ఉంది. పెదవి కొరుక్కుంది. తీసేయబోయి ఆగింది. ఇంకా కోయని గుడ్డ కొంచెం మిగిలి ఉంది, కాలరుకీ జేబుకీ చేతుల చివరి పట్టీలకీ. ఆ గుడ్డ తీసుకుని, దాన్నీ తిరగేసింది. బూడిదరంగుని మెడ దగ్గర పెట్టింది. ఒక మడతని గుండె మీద జేబులా పెట్టింది. ఇంకో ముక్కని ఆకుపచ్చ చేతి చివర పట్టీలా చుట్టింది. వెనక్కి జరిగి చూసింది.

మేడం వెనక్కి కట్టుకున్న చేతులు విప్పింది. వెనకవైపు పైకి తెచ్చి కాలరు కుట్టడమా? తన చేతికింద ఎవరైనా అలా గీసుకొచ్చి ఉంటే టిక్కు కాదు కదా, గుడ్డ మొహాన కొట్టి పంపించేది. అలా ఎవరూ కుట్టరు. అలా కుట్టకూడదు. కానీ కళ్లు చూస్తున్నాయి మరి. బూడిద కాలరు, బూడిద జేబు, బూడిద చేయి, ఆకుపచ్చ చేతికి బూడిద పట్టీ. పొరపాటు ఎక్కడికి పోయిందో వెతికినా దొరకడం లేదు. కావాలని కుట్టించుకున్న చొక్కాలా ఉంది. చూసినవాళ్లు అడిగి మరీ కుట్టించుకునే చొక్కా. మేడానికి ఈ దారి తోచేది కాదు, వారం కాదు, ఏడాది ఆలోచించినా. ఆ సంగతి ఆమెకి నొప్పిగా, గర్వంగా, రెండూ కలిసి తగిలింది.

"కొసలు..." అనబోయి నాలిక కరుచుకుంది.

ఏడో మిషను వినిపించుకోలేదు. తెల్లసుద్ద తీసుకుంది. బల్ల మీదికి వంగి బూడిదరంగు మీద మొదటి గీత మొదలుపెట్టింది. మేడం తెలియకుండానే తనూ ముందుకి వంగింది. నీడ గుడ్డ మీద పడింది.

"మేడం," అంది ఏడో మిషను తలెత్తకుండా, "కొంచెం పక్కకి జరగండి. వెలుతురు పడట్లేదు."

మేడం పక్కకి జరిగింది. ఒక్క అడుగు. అక్కడే నిలబడింది.